మూత లోపలి గీతలు

అది 2024 ఆగస్టు 11, ఆదివారం, ఉదయం ఎనిమిదీ ముప్పావు. అల్లూరులో వాచీలు బాగుచేసే కెజియా ఎప్పటిలాగే తల్లి అబిగయీలమ్మకు తెల్లచీర కట్టి, లావుపాటి నల్లవాచీకి కీ తిప్పి ఆమె ఎడమచేతికి పెట్టింది. పై మీట నొక్కగానే సన్నటి ముల్లు కదిలింది. ముసలామె మంచం మీదనుంచి పైకి లేచింది. మోకాళ్లు పడిపోయి ఐదేళ్లయింది. కెజియా ఆమె కొంగు పట్టుకుని నడిపిస్తుంటే జానెడెత్తున గాలిలోనే చర్చికి పోతుంది. కొంగు వదిలితే ఇంకా పైకి పోతుంది, మీట మళ్లీ నొక్కితే దిగుతుంది. దారిలో కనబడినవాళ్లు "వందనాలమ్మా" అంటారు. సంఘపెద్ద మాత్రం ఆమె ఉన్నచోట ఫ్యాను తగ్గిస్తాడు, గాలికి కొట్టుకుపోయి మగవాళ్ల వైపు చేరుతుందని.

ఆ వాచీ ఒకప్పుడు అంతరిక్షానికి పోయివచ్చింది. నలభై ఏళ్ల కిందట, పైకి వెళ్లివచ్చిన ఒక విదేశీ అతిథి రాకెట్ కేంద్రం చూడవచ్చి, ఇసకపల్లి దగ్గర సముద్రంలో స్నానానికి దిగాడు. ఉప్పునీళ్లు చొరబడి వాచీ ఆగింది. ఆయన కారు డ్రైవరు దాన్ని కెజియా నాన్న దగ్గరికి తెచ్చాడు. నాన్న పేరు సమాధానం, ఆయనదీ వాచీల పనే. ముల్లును కదిలించే లివరు ఒకటి విరిగిపోయి ఉంది. అలాంటిది మద్రాసులో కూడా దొరకదు. సమాధానం రెండు రోజులు కూర్చుని సైకిలు పుల్లను అరగదీసి కొత్త లివరు చేశాడు. అతిథి వాచీ పెట్టుకుని, మీట నొక్కి చూసుకుని, మళ్లీ నేలమీదికి దిగి, దాన్ని తీసి సమాధానం చేతిలోనే పెట్టాడట. "నడిపించినవాడి దగ్గరే ఉండనీ" అన్నాడట.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి వాకిట్లో కారుంది. కృష్ణపట్నంలో కరెంటు ప్లాంటులో పనిచేసే తమ్ముడు గిద్యోను, నెల్లూరు నుంచి సుశీల్ కుమార్ అనే పెద్దమనిషిని తీసుకొచ్చాడు. పాత వాచీలు సేకరించడం ఆయనకు పిచ్చి. తమ్ముడు ఆ వాచీ ఫోటోను సేకరణదారుల వాట్సాప్ గుంపులో పెట్టిన సంగతి కెజియాకు అప్పుడే తెలిసింది.

"సారోళ్లు నెల్లూర్లో ప్రదర్శన పెడతుండారక్కా. దీన్ని వాళ్లకిచ్చేద్దాం. అద్దాలపెట్టెలో పెట్టి కింద నాయన పేరు రాస్తారంట."

"మరి అమ్మ చర్చికి ఎట్టా పోతుందిరా?"

"వీల్‌చైరు కొనిపెడతానన్నారు."

కెజియాకు ఒళ్లు మండింది. కానీ సుశీల్ కుమార్ తెల్ల తొడుగులు వేసుకుని వాచీని అందుకున్న తీరు చూసి కాస్త మెత్తబడింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"బ్యాటరీ లేదు, ఏమీ లేదు మేడమ్! ఎండలో కాగిపోయే చోట, నీడలో గడ్డకట్టే చోట, ఉత్త స్ప్రింగు మీద నడిచింది. మీటలు చూడండి, మందపాటి తొడుగుల చేతికి అందాలని ఇంత లావు పెట్టారు. ఈ అంచు మీద గీతలున్నాయే, వ్యోమనౌక తలుపుకి రాసుకుని పడినవి. ఒక్కో గీతా బంగారం. పొరపాటున కూడా పాలిష్ పెట్టకూడదు."

పని విలువ తెలిసిన మనిషే, నాన్న ఉంటే టీ తెప్పించేవాడు అనుకుంది కెజియా.

"మీట నొక్కితే మనిషి లేస్తుంది సార్" అన్నాడు గిద్యోను.

"లేస్తుంది లేవయ్యా, పైకి పోయొచ్చిన వాచీ కదా. లోపల అసలు భాగాలున్నాయా లేదా, మాక్కావలసింది అది."

వెనక మూత విప్పాడు. మొహం మాడిపోయింది.

"ఛ! ఎవరండీ దీన్ని పాడుచేసింది?"

మూత లోపల సూదిమొనతో గీకిన సన్నటి అక్షరాలు. 'సమాధానం, అల్లూరు', పక్కన తేదీ. అలా పందొమ్మిది సార్లు. వాచీ విప్పిన ప్రతిసారీ బాగుచేసినవాడు లోపల పేరూ తేదీ గీకి మూయడం ఆ పనిలో ఆనవాయితీ, తర్వాత విప్పేవాడికి తెలియాలని. నాన్న పోయాక పదకొండేళ్లుగా నూనె వేస్తున్నది కెజియానే. కానీ ఆయన పేరు కింద తన పేరు గీకడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"ఇవన్నీ అరగదీయిస్తాను. ఈ నాటు లివరు పీకి పారేసి ఒరిజినల్ వేయిస్తాను. అప్పుడే ప్రదర్శనకు పనికొస్తుంది."

"మరి నాయన పేరు సార్?" అన్నాడు గిద్యోను.

"'నెల్లూరు జిల్లాలోని ఒక కుటుంబం నుంచి' అని వేస్తాంలే."

ప్రార్థనలో కూడా గొంతు పెంచని కెజియా కేకేసింది.

"ఏంది సార్ మీరు మాట్లాడేది? తలుపుకి రాసుకున్న గీత బంగారం, మా నాయన గీసిన గీత మురికా? అక్కడ నడిచింది పది రోజులు. మీరు పారేస్తానంటుండే ఆ లివరు మీద ఇక్కడ నలభై ఏళ్లు నడిచింది. దానికోసం ఆయన కళ్లు పోగొట్టుకున్నాడు. ఆయన్ని తోమేసి, మిగిలినదాన్ని అద్దంలో పెట్టుకుని మురిసిపోతారా?"

"ఆవేశపడకండి మేడమ్. మీ తమ్ముడు మాటిచ్చాడు."

గిద్యోను మాటిచ్చిన మాట నిజమే.

"ఏదీ నాయనా, ఒకసారి ఇట్టా ఇయ్యి" అంది మంచం మీదనుంచి అబిగయీలమ్మ. "మా ఆయన చేతికుండిన వాచీ. చివరిసారి పెట్టుకుంటా."

ఆయన మూత బిగించి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని మీట నొక్కింది. ఈసారి కొంగు ఎవరూ పట్టుకోలేదు. తిన్నగా పైకి పోయి, అటక పక్కన, ఊరగాయ జాడీల ఎత్తున మఠం వేసుకుని కూర్చుంది.

"నేను దిగను పో" అంది.

సుశీల్ కుమార్ స్టూలు కోసం చూశాడు. ఇంట్లో ఉన్న ఒక్క స్టూలు మీదా కెజియా కూర్చుంది.

"ఎంతసేపుంటుందమ్మా ఆ కీ?"

"రేపు పొద్దున దాకా సార్. నాటు లివరు కదా, తొందరగా ఆగదు."

గిద్యోను తలెత్తి తల్లి వైపు చూశాడు. తర్వాత వెళ్లి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మాటిచ్చింది నా తప్పు సార్. ఏమీ అనుకోవద్దు, పోయిరండి."

కారు పోయింది. అయినా అబిగయీలమ్మ దిగలేదు. "మళ్లీ వస్తేనో" అని మధ్యాహ్నం అన్నం, రాత్రి మజ్జిగ పైకే అందించమంది.

స్ప్రింగు నీరసించేకొద్దీ మెల్లగా దిగుతూ, మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె మంచం మీద ఆనింది. మొహం కూడా కడుక్కోకుండా వాచీ తీసి కూతురి చేతిలో పెట్టింది.

"మూత విప్పు. పదకొండేళ్లుగా దీన్ని నడిపేది ఎవరో గీకు."

"నాకెందుకమ్మా?"

"గీకక్కా" అన్నాడు గిద్యోను.

కెజియా కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, సూది తీసుకుని, నాన్న పేరు కింద గీకింది: 'కెజియా, అల్లూరు, 12-8-2024'. గిద్యోను దాన్ని దగ్గరగా ఫోటో తీసి, వాచీ ఇక ఎవరికీ ఇచ్చేది లేదని రాసి, సేకరణదారుల గుంపులో పెట్టి, డ్యూటీ బస్సెక్కాడు.