ఆడమనిషి పని: సున్నా గంటలు

కృష్ణకి పెద్ద వరదొచ్చి లంకలు మునిగిన ఏడు అది. తుళ్లూరు పక్క ఊళ్ళో మిరప ఆలస్యంగా కల్లానికి చేరింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అత్తగారు వెంకటరావమ్మ రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటే, వసారాలో గ్రాఫు కాగితం ముందు కూర్చున్న శ్రీరమ్య తల ఎత్తలేకపోయింది.

ఎంఫిల్ కోసం నలభై రైతు ఇళ్ళు తిరిగింది. ఇంటి ఆడమనిషి సేద్యానికి రోజుకెన్ని గంటలు పనిచేస్తుంది, ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళ కాయ వచ్చింది, ఈ రెంటికీ పొంతన చూడాలి. ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క. చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే గీతను లెక్కకట్టి గీయాలి. లీనియర్ రిగ్రెషన్ అంటే ఇదేనని ఒంటబట్టడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. "గీత గీస్తే డిగ్రీ ఇస్తారా? మా అమ్మ పొద్దున్నే వాకిట్లో వంద గీస్తది," అని మొగుడు నాగేంద్రబాబు నవ్వాడు. తనూ నవ్వింది.

గీత బాగానే వచ్చింది, ఆడవాళ్ళ గంటలు పెరిగేకొద్దీ కాయ పెరుగుతూ. ఒక్క చుక్క మాత్రం గీతకి ఎంతో ఎత్తున, ఎవరికీ కానట్టు నిలబడింది. ఆడమనిషి పని సున్నా, కాయ ఇరవై ఆరు క్వింటాళ్ళు. "అలాంటిది తీసెయ్యమ్మా, గీత చక్కగా కుదురుద్ది," అన్నారు గైడు గారు. తీసేసే ముందు ఎవరి ఇల్లోనని ఫారాలు వెతికింది. తన ఇల్లే.

కౌలు రైతుల ఇళ్ళలో మస్తాన్‌బీని, సుబ్బరావమ్మని సూటిగా అడిగింది. సొంత ఇంట్లో మాత్రం మామగారుండగా అత్తగారిని అడగడం మర్యాద కాదనుకుంది. మామగారు ఆదెయ్య మూడో తరగతి చదివిన మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడడు. ఆమె ఫారంతో అడిగిన రోజు మాత్రం మీసం మీద చెయ్యేసి, "మా ఆడోళ్ళు పొలం దిగరమ్మా. సున్నా రాసుకో," అన్నాడు. ఆ సున్నా ఇంటి పరువు. సున్నా చుట్టేటప్పుడు తన రెండో చేతిలో ఉన్నది అత్తగారు కలిపిచ్చిన కాఫీ. విత్తనం కాయ ఏరేది ఎవరు, పదిహేను మంది కూలీలకి వండేది ఎవరు, మబ్బు పడితే కాయ మీద పట్టాలు కప్పడానికి ఉరికేది ఎవరు? "నువ్వు చదువుకోమ్మా" అంటూ తన వంతు అంట్లు తోమింది కూడా ఆవిడేగా. కనబడని చాకిరీని లెక్కలోకి తేవాలని వ్యాసం మొదటి పేజీలో రాసింది మరి తనే. ఇప్పుడా చుక్కని తాలు కాయలా ఏరి పారేస్తే?

కొత్త ఫారం పట్టుకుని కల్లంలోకి పోయి అత్తగారి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మీరు రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారు?"

"నాదీ ఒక పనేనటే! మీ మామయ్యనడుగు."

"అడిగి తప్పు రాశాను. మీరే చెప్పాలి."

వెంకటరావమ్మ చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. "గంటలు నాకేం తెలుసే? గడియారం మగాళ్ళు కూర్చునే ముందు గదిలో ఉంటది."

అవతల గోతాలు కుడుతున్న ఆదెయ్య తల వంచుకున్నాడు. దబ్బనం ఆగింది.

మర్నాడు శ్రీరమ్య ఎన్నడూ లేనిది నాలుగింటికే లేచి, ఫారం తీసుకుని వచ్చింది. ముందు గది గోడకి మేకొక్కటే ఉంది. వంటింట్లో ఆదెయ్య స్టూలెక్కి, పొయ్యికి ఎదురుగా గడియారం తగిలిస్తున్నాడు.

నాలుగూ ఇరవై. పొయ్యి అప్పటికే మండుతోంది.