కురిడీల గదిలో మెరుపు

నేను మలికిపురంలో డ్రాయింగ్ టీచర్ని. రెండువేల మూడు వానాకాలంలో, అంతర్వేది దగ్గర గోదారి దాటించే పంటుకి మూరెడు నమూనా చేశాను. అది అమలాపురం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాలి. మస్కట్ నుంచి అన్నయ్య తెచ్చిన, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో రంగులు చక్కగా వచ్చాయి. పైన మెరుపు కోసం క్లియర్ కోటు, అదే రంగులేని వార్నిషు, కొట్టగానే మాత్రం నమూనా అంతా మజ్జిగ చల్లినట్టు తెల్లబడింది. రంగు చెడకుండా గీకి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే.

"గాల్లో చెమ్మండీ టీచరుగారూ. ఈ వానల్లో మన కోనసీమలో మెరుపు నిలబడదండీ, ఆయ్!" అని నవ్వాడు కార్లకి రంగులేసే వీరన్న. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

చెమ్మ లేని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. అది పక్కింటి కాంతంగారు నిప్పుసెగ పెట్టి కురిడీకొబ్బరి ఆరబెట్టే గది. ఆవిడ నిప్పు పూర్తిగా తీయించేశాక, ఇంకా గోరువెచ్చగా ఉన్న ఆ గదిలో పల్చగా నాలుగు పొరలు కొట్టాను. ఒక్క తెల్లమచ్చ కూడా రాలేదు.

ఎగ్జిబిషన్‌కి వీరన్న వచ్చాడు. పంటు మీదికి వేలు చాపి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా తడారలేదండీ!"

"ఆరి పదిరోజులైందండీ, వీరన్నగారూ," అన్నాను. "ముట్టుకోండి."