దారంతో తీసిన అచ్చు

"గుడ్ల కంపు ఒస్తుంది, ఆ తలుపు దగ్గరికెయ్యి," అంది అత్త కనకమ్మ ముందుగదిలోంచి. గిన్నె అంచుకు ఎండిపోయిన తెల్లసొనను గీకుతున్న సుచిత్ర చెయ్యి ఆపలేదు. ఆ గుడ్లతో చేసిన కేకు ముక్కనే పొద్దున చాయ్‌తో తిన్నది ఆ మనిషి. తినేటప్పుడు లేని కంపు కడిగేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో, ఇన్నేళ్ళైనా సుచిత్రకు అంతుపట్టలేదు.

అప్పుడే మొగుడు శ్రవణ్‌కుమార్ వంటింటి గడపలోకొచ్చి నిలబడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఆయనది. ఎల్బీ నగర్‌లో రెండోది తెరవబోతున్నాడు.

"ఓపెనింగ్‌కు కేకు నువ్వే చెయ్యి. మీద పోచంపల్లి డిజైన్ కనవడాలె. చూసినోళ్ళు పరేషాన్ కావాలె," అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

సరూర్‌నగర్‌లో వాళ్ళ కాలనీలో పుట్టినరోజులకు సుచిత్ర కేకులు చేసి అమ్ముతుంది. ఆయన దాన్ని "పిండి ఆటలు" అంటాడు. "సేటు పెండ్లాం కేకులమ్ముతుందంటే నా ఇజ్జత్ ఏం గావాలె?" అంటాడు. ఆ మనిషే ఇప్పుడు నువ్వే చెయ్యి అన్నాడు. అందుకు ఆమెకు సంతోషం వేసింది. తర్వాత ఆ సంతోషాన్ని తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళంతా చీదరగా అనిపించేది.

కేకు మీద కప్పే చక్కెర ముద్దను ఫాండెంట్ అంటారు. దాన్ని చపాతీలా ఒత్తి, మీద డిజైన్ చెక్కిన, రబ్బరులాంటి సిలికాన్ మ్యాట్ పరిచి నొక్కితే ఆ డిజైన్ అచ్చు దిగుతుంది. సుచిత్ర దిల్‌సుఖ్‌నగర్‌లో బేకింగ్ సామాను అమ్మే దుకాణాలన్నీ తిరిగింది. గులాబీల మ్యాట్లున్నాయి, లేసు ఉంది, ఇటుక గోడ ఉంది, ఆఖరికి చెట్టు బెరడు కూడా ఉంది. పోచంపల్లిది ఉందా అని అడిగితే, "చీరల దుకాణాలు అటు దిక్కున్నయి మేడమ్," అని ఒకడు పళ్ళికిలించాడు.

దొరకకపోతే చెయ్యాల్సిందే అనుకుంది. ఆమె తండ్రి బ్రహ్మం పోచంపల్లిలో మగ్గం నేసినవాడు. పాత ఫోటో ఫ్రేము అద్దం తీసి, దాని మీద నూలు దారాన్ని మెట్లు మెట్లుగా డైమండ్ ఆకారంలో అతికించింది. అంచులు కత్తితో కోసినట్టు రాకుండా దారం కొసల్ని కొంచెం అటూ ఇటూ జరిపింది. "రంగు జర పక్కకు జరిగితేనే బిడ్డా, అది మన చీర," అనేవాడు నాన్న. చుట్టూ అట్టముక్కలతో గోడ కట్టి, కేకులకు వాడే సిలికాన్ కలిపి పోసింది. మొదటిసారి సిలికాన్ దారంలోకి ఇంకి, లాగితే దారాలతో సహా చిరిగింది. రెండోసారి దారానికి గంజి పెట్టి, ఎండినాక నూనె రాసి పోసింది. అది గట్టిపడుతుండగా ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి, మెత్తటి సిలికాన్ మధ్యలో చాయ్ గ్లాసు దిగబడి ఉంది. పక్కన పల్లీల పొట్టు.

"ఇదేంది?" అంది.

"టేబుల్ మీద జాగ యాడుంది? ఇల్లంత నీ రబ్బరు కంపే," అన్నాడు శ్రవణ్‌కుమార్, నోట్లో పల్లీలు నములుతూనే. ఆయన పెదవి మూలన అంటుకున్న పొట్టును చూస్తూ ఆమె గ్లాసు పీకి పక్కన పెట్టింది. తర్వాత పోయి మళ్ళీ దారం అతికించింది.

ఈసారి వచ్చింది. దుకాణం తెరిచిన రోజు కేకు చుట్టూ మెట్లమెట్ల డైమండ్లు దారం దారంగా లేచి నిలబడ్డాయి, తాకితే బట్టను తాకినట్టే ఉంది. మూసారాంబాగ్‌లో బొటిక్ నడిపే లలితకుమారి వంగి మరీ చూసింది. దుకాణానికి పెద్ద కస్టమర్ ఆమె.

"నిజంగా నేసినట్టుంది శ్రవణ్ గారూ! ఎక్కడ చేయించారండీ?"

"జూబ్లీహిల్స్‌ల ఒక బేకరీ ఉంది మేడమ్. స్పెషల్ ఆర్డర్," అన్నాడు శ్రవణ్‌కుమార్.

సుచిత్ర పక్కనే ప్లేట్లు పట్టుకొని ఉంది. ఆయన తడబడలేదు. ఆమె వైపు చూడనైనా లేదు. అబద్ధం ఇంత సాఫీగా వచ్చిందంటే, ఇలా ఇంకెన్నిచోట్ల తనను లేకుండా చేశాడో అనుకుంది.

కొవ్వొత్తి ఆర్పీ ఆర్పకముందే ఆయన దోస్తు నాగార్జున కేకు పక్కభాగాన్ని పిడికిలి నిండా పీకి శ్రవణ్‌కుమార్ మొహానికి పూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె రోజుల తరబడి అతికించిన గీతలు ఆయన మీసాల్లో, చెవిలో, చెమటతో కలిసి జిడ్డుగా కారుతున్నాయి. "సుచీ, ఇటు రా," అని పిలిచి, ఆమె కొంగు లాగి మొహం తుడుచుకున్నాడు. అది నాన్న నేసిచ్చిన పెళ్ళిచీర.

"చీర..." అంది.

"కడిగితే పోతది లే."

"కిందవడ్డది తుడువు, ఎవరన్న జారి పడ్తరు," అంది కనకమ్మ. సుచిత్ర గొంతుక్కూర్చొని తుడిచింది. చెప్పుల కింద నలిగి క్రీమూ మట్టీ ఒకటైన ముద్ద చేతికి చల్లగా, జిగటగా తగిలింది. అందరికంటే ఎక్కువగా, తుడుస్తున్న తన చేతుల మీదే ఆమెకు అసహ్యం పుట్టింది.

మర్నాడు పొద్దున ఆమె కొంగును సబ్బునీళ్ళలో నానబెడుతుంటే, శ్రవణ్‌కుమార్ ఫోన్ చేత్తో మూసి వంటింట్లోకి వచ్చాడు.

"లలితకుమారి మేడమ్. బిడ్డ ఎంగేజ్‌మెంట్‌కు గసొంటి కేకే కావాలంట. నువ్వు చెయ్యి, బేకరోళ్ళు పంపిన్రని నేను ఇచ్చొస్తా."

నీళ్ళ మీద వెనీలా వాసనతో పాటు ఆయన చెమట వాసన కూడా తేలింది.

"ఆ బేకరీ మూసేసిన్రని చెప్పు," అంది సుచిత్ర.

"ఏందీ?"

"నిన్ననే మూసేసిన్రు. చెప్పు, ఆమె లైన్ల ఉన్నది."

ఫోన్‌లోంచి "హలో, శ్రవణ్ గారూ?" అని వినిపించింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. బతిమాలడానికీ బెదిరించడానికీ వ్యవధి లేదు. ఫోన్ చెవికి పెట్టుకొని, "మూసేసిన్రంట మేడమ్," అన్నాడు.

ఫోన్ పెట్టేసినాక ఆయన గొంతు లేచింది. "మంచి పార్టీ చేజారితే నీకేమొస్తది? దిమాక్ ఉందా?" సుచిత్ర చీర పిండి ఆరేసింది. సిలికాన్ మ్యాట్‌ను కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"యాడికి? వంట?" అంది కనకమ్మ.

"బియ్యం డబ్బాల ఉన్నయి అత్తమ్మా," అని చెప్పులేసుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మూసారాంబాగ్‌లో దిగింది. బొటిక్‌లో లలితకుమారి ఆమెను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

"మీరు... నిన్న అక్కడ ప్లేట్లు అందించారు కదూ?"

సుచిత్ర గుడ్డ విప్పి మ్యాట్‌ను ఆమె ముందు పరిచింది. లలితకుమారి వేలు ఆ గాళ్ళ వెంట మెల్లగా నడిచి, ఒక మెట్టు దగ్గర ఆగింది. తలెత్తింది.

"శ్రవణ్ సేటు పెండ్లాన్ని మేడమ్," అంది సుచిత్ర. "చీరలు ఆయన దగ్గరనే కొనుండ్రి, అది మీ ఇష్టం. ఆ బేకరీ మాత్రం ఎన్నడూ లేదు. ఆ కేకు నేను చేసిన."