పెళ్ళికొడుకు పళ్ళు

తప్పు ముమ్మాటికీ మేనేజరుగారిదే. ఆయన వెనకాల కాళ్ళు చాపుకుని కూర్చున్న కమిటీది ఇంకా పెద్ద తప్పు. పాపం, ఆయా మీద తోసెయ్యకండి. "పెళ్ళి ఫొటోలో అందరి పళ్ళూ తళతళలాడాలి. రాత్రి తీసినవన్నీ ఒక్క టబ్బులో వేసి తోమెయ్" అని హుకుం జారీ చేసింది ఎవరు? కట్టుడు పళ్ళ మీద పేర్లు వేయించండి మహాప్రభో అని పళ్ళ ఆసుపత్రి బ్రష్షమ్మ ఏడాదిగా నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, "పళ్ళకి పేర్లేంటమ్మా, అవేమన్నా బడికెళ్తాయా?" అని పగలబడి నవ్వింది ఎవరు?

ఇప్పుడు నవ్వండి మరి! ఏ పళ్ళు ఎవరివో తెలీకుండా అన్నీ కలిసిపోయాయి. వృద్ధాశ్రమం భోజనాల గదిలో పెళ్ళి. రిజిస్ట్రారు వచ్చి కూర్చున్నాడు. పెళ్ళికొడుకు మాత్రం పక్కగదిలో గడియ పెట్టుకున్నాడు. బస్సు తోలి తోలి రిటైరయ్యాడు కాబట్టి ఆయన్ని అందరూ హారన్ తాత అంటారు. పెళ్ళికూతురు టైలరమ్మ ఆయన నవ్వు చూసే ఒప్పుకుంది. ఇవాళ ఆ నవ్వే లేదు.

"నేను రాను! బోసినోటితో ఫొటో దిగితే, పెళ్ళికొడుకేడీ, ఈ పసిపిల్లాడెవడూ అంటారు!"

"తాతా, మీ పళ్ళు నేను వెతికి తెస్తాగా" అంది తలుపు బయట బ్రష్షమ్మ. వారమంతా పళ్ళ ఆసుపత్రిలో జనం పళ్ళ మీది గార గీకడం ఆమె ఉద్యోగం. సెలవురోజు సంచీ తగిలించుకుని ఇక్కడికొచ్చి, అదే పని ఊరికే చేస్తుంది.

"వరసగా ఒక్కొక్కరి నోట్లో పెట్టి చూసెయ్యమ్మా, పట్టింది వాళ్ళది" అన్నాడు మేనేజరు.

"చెప్పుల షాపనుకున్నారా? ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లో పెట్టను."

గ్లౌజులు తొడిగింది. ట్రేలు పరిచింది. ముందు నోరు చూసేది, చిగుళ్ళు తడిమేది, ఏ సెట్టు సరిపడేలా ఉందో కంటితో అంచనా వేసేది. దాన్ని బ్రష్షుతో రుద్ది, మందునీళ్ళలో నానబెట్టి, కడిగి, అప్పుడు ఇచ్చేది. పట్టకపోతే మళ్ళీ మొదటినుంచీ అంతా. మేనేజరు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమె తల ఎత్తితే కదా! ఒక బామ్మ తన పళ్ళు దొరకడమే తడవు, పొద్దుట్నుంచీ దాచిపెట్టుకున్న తిట్లన్నీ పక్కమంచం ఆవిడకి వడ్డించేసింది. గదంతా ఒకటే నవ్వులు.

చివరికి టబ్బులో ఒక్క సెట్టు మిగిలింది. మరీ చిన్నది. హారన్ తాత దవడకి అది ఏ మూలకొస్తుంది? అంటే ఆయన పళ్ళు ఎవరి నోట్లోనో ఉన్నాయి. తన దగ్గరకి రానిదెవరు? బ్రష్షమ్మ చుట్టూ చూసింది.

పెళ్ళికూతురు! పొద్దుట్నుంచీ తల వంచుకుని, పెదవి విప్పకుండా కూర్చుంది. "ఈ వయసులోనూ ఎంత సిగ్గో" అని అందరూ తెగ మురిసిపోతున్నారు.

"పెద్దమ్మా, ఒక్కసారి నోరు తెరువు."

టైలరమ్మ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చీకటితోనే లేచి, టబ్బులో బాగా మెరుస్తున్నవి తీసి పెట్టుకున్నానమ్మాయ్. పెళ్ళి కంగారుకి దవడ పట్టేసిందనుకున్నా. ఎవరి కొలతకో కుట్టిన జాకెట్టు తొడుక్కున్నట్టుంది!" అంటూ నవ్వింది. పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి.

పక్కగది తలుపు ధడాలున తెరుచుకుంది. "ఓసినీ! పెళ్ళి కాకముందే నా పళ్ళు లాగేసుకున్నావా!" హారన్ తాత బోసినోరు తెరిచి ఒకటే నవ్వు. టైలరమ్మా బోసినోటితోనే నవ్వు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

"మొగుడూ పెళ్ళాలేగా, తుడిచి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు మేనేజరు.

"ముద్దులు వాళ్ళిష్టం. పళ్ళు మాత్రం శుభ్రం చేసే ఇస్తా."

"తాపీగా కానివ్వండమ్మా" అన్నాడు రిజిస్ట్రారు. "నాకూ పైవరసలో ఒకటి కదులుతోంది, తర్వాత కాస్త చూద్దురు."

ఎవరి పళ్ళు వాళ్ళ నోట్లో కూర్చున్నాక, హారన్ తాత కలం పట్టుకుని ఆగిపోయాడు. "బస్సుకి నంబరుంటుంది, సీటుకి నంబరుంటుంది. నా పళ్ళకి పేరుండదా? మేనేజరుగారు మాటిస్తేనే సంతకం."

"నాదీ అంతే" అంది టైలరమ్మ.

"వచ్చే మీటింగులో..." అని నసిగాడు మేనేజరు. ముసలివాళ్ళంతా ఒక్కసారిగా పళ్ళు టకటకలాడించారు. ఆయన గబగబా తల ఊపాడు. సంతకాలు పడ్డాయి. ఫొటోలో పెళ్ళికొడుకు నవ్వు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఉంది.

తల ఊపితే సరిపోదు. కమిటీ వాళ్ళూ, ప్రతి సెట్టు లోపలివైపు పేరు చెక్కించండి. మంచానికో మూతడబ్బా పెట్టండి. బ్రష్షమ్మ సెలవురోజు మీద బతకడం మానేసి, ఈ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టండి. వచ్చే మీటింగులో కాదు. ఇవాళే.