టీ అంటే ఏ టీ?

"బ్రాన్, అమ్మకి ఇవాళ టీకి ఏంటి?"

మా ఆయన గ్రాంట్ ఈ మాట హాల్లోంచి అడుగుతాడు. వాళ్ళమ్మ మావిస్ అతని పక్క కుర్చీలోనే ఉంటుంది. నేను వంటింట్లో బంగాళాదుంపలకు చెక్కు తీస్తూ, "ఆవిరి మీద ఉడికించిన చేప, దుంపల ముద్ద" అని అరుస్తాను. అతను ఆవిడ వైపు తిరిగి "చేపట అమ్మా" అంటాడు. మా ఇంట్లో ఏ ప్రశ్న పుట్టినా నా దగ్గరికే వచ్చి ఆగుతుంది. చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలి, మావిస్ కళ్ళజోడు ఏది, గ్రాంట్ చెల్లెలి పుట్టినరోజు ఎప్పుడు. గ్రాంట్ చెడ్డవాడు కాదు. ఆ ముక్క ముందే చెప్పకపోతే మీరు అతని మీద కత్తులు నూరతారు. నేనెప్పుడైనా విసుక్కుంటే "నువ్వు చెప్తే చేసేవాణ్ణి కదా" అని నొచ్చుకుంటాడు. నిజమే, చేసేవాడే. చెప్పడం కూడా ఒక పనేనని మాత్రం అతనికి తట్టదు. పెళ్ళయిన కొత్తలో మావిస్ "మగాళ్ళ కళ్ళకి ఇవేవీ ఆనవు, నువ్వే చూసుకోవాలమ్మా" అంది. చూసుకుంటూ వచ్చాను.

ఆఫీసులోనూ అదే వరస. మా ఊరు డెవన్‌పోర్ట్‌లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు ఇంటికి భోజనం పంపే సంస్థ మాది. ఎవరికి ఉప్పు పడదు, ఎవరి కుక్క డ్రైవర్ మీదికి ఉరుకుతుంది, అన్నిటికీ ఒకటే జవాబు: "బ్రాన్‌ని అడగండి." మొన్న చలికాలంలో మా మేనేజర్ డేల్ ఒక ఏఐ ఏజెంట్‌ను తెచ్చాడు. మామూలు మాటల్లో అడిగితే చాలు, మా రికార్డుల్లోకి వెళ్ళి జవాబు వెతికి తెస్తుంది. వెతకడానికి దాని చేతిలో కొన్ని టూల్స్ ఉంటాయి. ఏ టూల్ దేనికో పక్కన రాసి ఉంటుంది. ఆ రాసింది చదివే ఏది వాడాలో తేల్చుకుంటుంది. "అసలు పనంతా అయిపోయింది బ్రాన్. వివరణలు కూడా నేనే గీకేశాను. అక్షరదోషాలుంటే చూసిపెట్టు, చాలు" అన్నాడు డేల్. ఒకదాని పక్కన 'టీ వివరాలు ఇస్తుంది' అని ఉంది.

"ఏ టీ?" అన్నాను.

"టీ అంటే టీయే. ఎవరికి తెలీదు చెప్పు?" అని నవ్వాడు.

దానికి తెలీదు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు కప్పులో తాగేదీ టీయే, సాయంత్రం కంచంలో తినే భోజనమూ టీయే. ఎప్పుడు ఏదో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక బుధవారం భోజనాల వ్యాను ఒకటి దారిలో ఆగిపోయింది. ఇంకా ఎవరికి టీ అందలేదని డేల్ ఏజెంట్‌ను అడిగాడు. అది మధ్యాహ్నం మా ఆఫీసు హాల్లో పేకాడుకుంటూ టీ తాగిపోయిన పెద్దవాళ్ళ చిట్టా చూసి, అందరికీ అందిందని ఎంతో మర్యాదగా చెప్పింది. చీకటి పడుతుండగా ఫోన్లు మొదలయ్యాయి. "ఏమ్మా, మా మీద అలిగారా?" అంది ఒక పెద్దావిడ. డేల్ ముఖం పాలిపోయింది. ఇద్దరం కలిసి శాండ్‌విచ్‌లు కట్టుకుని, నా కారులో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం. చివరి ఇంటి దగ్గర అతను సీట్లో వెనక్కి వాలి, "నువ్వే రాయి బ్రాన్, అన్నీ. నేను వేలు పెట్టను" అన్నాడు.

రాశాను. 'సాయంత్రం భోజనం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో చెబుతుంది. తాగే టీ గురించి అడిగితే దీన్ని వాడకు, దానికి వేరే టూల్ ఉంది. ఏ ఊరో, ఏ రోజో చెప్పకపోతే ఊహించకు, అడుగు.' ఒక్కో మాట మార్చి చూస్తుంటే ఏజెంట్ దారి మార్చుకునేది. నేనన్న మాటను అంత శ్రద్ధగా ఇంకెవరైనా పట్టించుకున్నారా అనిపించి, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ పని మీద ప్రేమ పుట్టింది. ఫలానాది దేనికి అని రాయడం సులువే. దేనికి కాదో రాయడం దగ్గరే నా చెయ్యి ఆగేది. 'ఇది నా పని కాదు' అని నేను ఎవరితో అన్నాను గనక? మావిస్‌తో అనలేదు, గ్రాంట్‌తో అనలేదు, అడ్డమైనవన్నీ నా బల్ల మీద పడేసే డ్రైవర్లతోనూ అనలేదు. వసంతం వచ్చేసరికి డేల్, "తీరంలోని మన శాఖలన్నిటికీ ఈ పని నువ్వే చూడు, పూర్తి ఉద్యోగం" అన్నాడు. చాలా సాయంత్రాలు ఇంటికి ఆలస్యమవుతుంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. దేన్నైనా అంత గట్టిగా కోరుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు కూడా లేదు.

ఇంట్లో చెబితే గ్రాంట్ నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. "భలే, భలే! ఒప్పేసుకో!" అని, వెంటనే నీరుగారిపోయాడు. "మరి అమ్మకి టీ?"

"నువ్వు చేస్తావు."

"చేస్తా. ఎలాగో కాస్త రాసిపెట్టు. ఆ మిషన్‌కి రాస్తున్నావుగా."

నా చెయ్యి అప్పటికే పెన్ను కోసం వెళ్ళింది. అలవాటు.

"దేనికి రాయడం?" అంది మావిస్ కుర్చీలోంచి. "నేనిక్కడే చచ్చినట్టు కూర్చున్నాగా. నాకేం కావాలో నన్నడుగు. నా నోరేం పడిపోలేదు. ఆ చేప మొహం చూస్తేనే విసుగొస్తోంది, సాసేజ్ పెట్టరా నాయనా."

ఇన్నేళ్ళలో నేనూ ఆవిడని అడగలేదు. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం.

కొత్త పనిలో మొదటి రోజు సాయంత్రం, పక్క ఊరు బర్నీలోని శాఖవాళ్ళ టూల్స్ ముందేసుకుని డేల్, నేను తలలు పట్టుకుని కూర్చున్న వేళ ఫోన్ మోగింది. వెనకాల పెనం చిటపటలు, మావిస్ అదిలింపులు.

"బ్రాన్, దుంపలు మెదిపేది ఎక్కడుంది?"

రెండో సొరుగులో, గరిటెల కింద, పిడి ఇటువైపు తిరిగి. నా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఇప్పుడు ఇది చెబితే, ఇంకాసేపటికి ఉప్పు, రేపు తువ్వాలు. నేనిప్పుడు అనబోయే మాట ఆ ఇంట్లో ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

"తెలీదు గ్రాంట్," అన్నాను, ప్రేమగానే.