మారని ధర

అగ్గిపుల్లలన్నీ దుకాణం బల్ల మీద ఒంపి ఆమె రెండోసారి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. పోయిన నెల నలభై అయిదు. పెట్టె ధర మాత్రం అదే.

"ఇంకా బోణీ కూడా కాలేదమ్మా," అన్నాడు దుకాణదారు, ముఖం చిట్లించి. "మీరు కొనరు, కొనేవాళ్లకి అడ్డు లేవరు. మీరు రాసుకుపోయిన మర్నాడే రేటు పెరుగుతుంది. ఏం చెయ్యో మీది!"

"పెంచేది మీరు. నా చేతిని ఆడిపోసుకోకండి."

పుల్లల్ని ఒక్కటొక్కటిగా పెట్టెలో సర్ది ఇచ్చింది. దేశపు కేంద్ర బ్యాంకుకు బజారు ధరలు సేకరించడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. నెలనెలా అవే దుకాణాలు, అవే సరుకులు. ఆ వివరాలన్నీ పైకి పోయి ఒక్క అంకె అవుతాయి. ఆ అంకె చూసే బ్యాంకు పెద్దలు వడ్డీ పెంచాలో తగ్గించాలో తేలుస్తారు. సంచి మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది, ముంజేతులు ఎండకు కమిలిపోయాయి. బజారు ఆమెకు పెట్టిన పేరు ధరలమ్మ. అదేమీ ముద్దుపేరు కాదు. ఆమెకూ బజారంటే ఒళ్లుమంటే. ఏటేటా పొడిగిస్తేనే నిలిచే ఉద్యోగం, ఈ ఏటి గడువు ఈ రోజుతో సరి.

మధ్యాహ్నం తిండికి ఇంటికి వెళ్లింది. ఇల్లు తమ్ముడిది, వెనక గది ఆమెది. మరదలు కంచం ఠప్పున పెట్టింది.

"నూనె సీసా వారం కూడా రావడం లేదు వదినా. మీ బ్యాంకేమో ధరలు కుదురుగా ఉన్నాయని టీవీలో ఒకటే ఊదర. ఆ కట్టుకథలు రాసేది ఎవరు? మీరేగా!"

ఆమె రాసింది ఒకటి, పైన చదివింది ఇంకొకటి. ఆ మాట మరదలికి చెప్పుకోవడం చచ్చినా ఇష్టం లేదు.

మూడింటికి ఆఫీసులో అధికారి ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచాడు. వయసులో ఆమెకంటే ఇరవై ఏళ్లు చిన్న. బరువులు రాసిన వరస మొత్తం ఎర్రసిరాతో కొట్టేసి ఉంది.

"ధర మారలేదుగా? మారలేదని రాయండి."

"సరుకు తగ్గింది సార్. అదీ పెరిగినట్టే."

"రేపు పెద్దల మీటింగు. అంకె పెరిగితే వడ్డీ తగ్గించలేరు. దేశం మొత్తం మీ అగ్గిపుల్లల కోసం ఆగాలా?" రెండు కాగితాలు ముందుకు తోశాడు. ఒకటి దిద్దిన ధరల పట్టిక, రెండోది ఆమె ఉద్యోగం పొడిగింపు. "మీరు దాని మీద సంతకం పెడితే, నేను దీని మీద పెడతాను."

ఆమె సంచిలోంచి రెండు సబ్బులు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి పోయిన నెలది, ఒకటి ఈ నెలది. రెంటికీ ఒకే అట్ట, ఒకే ధర.

"రెండూ ఒకటేనని మీ నోటితో అనండి సార్, పెడతాను."

అతను సబ్బుల వంక చూడనైనా లేదు. "టైమ్ వేస్టు చెయ్యకండి."

ఆమెకు భయం వేసింది. ఈ వయసులో పని ఎవరిస్తారు? వెనక గది ఎన్నాళ్లుంటుంది? కలం మూత తీసింది. అప్పుడు మరదలి ముఖం గుర్తొచ్చింది. ఆ మనిషి ముందు బీదగా నిలబడగలదు కానీ, అబద్ధాలకోరుగా నిలబడలేదు. మూత పెట్టేసి, మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద సబ్బుల పక్కన పెట్టి వెళ్లిపోయింది. గేటు దగ్గర కాపలావాడు తలెత్తలేదు. మర్నాటి నుంచి ఆ బజారులో ఆమెను ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు.

సంతకం ఇంకెవరో పెట్టారు. అంకె తగ్గింది, వడ్డీ తగ్గింది, టీవీలో చప్పట్లు వినిపించాయి.

ఆ సాయంత్రం గది ఊడ్చడానికి వచ్చిన పనిమనిషితో అధికారి, "ఆ సబ్బుల్లో ఒకటి తీసుకుపో," అన్నాడు.

పనిమనిషికి ఆ గొడవేమీ తెలియదు. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని ఒక్క క్షణం పైకీ కిందికీ ఆడించింది. బరువైనదాన్ని కొంగున ముడేసుకుంది. రెండోది, అట్ట కూడా విప్పనిది, అతని బల్ల మీద అలాగే ఉండిపోయింది.