బానలో నీరుగొబ్బి

మహమూదా తన జన్మలో ఒక్క విత్తనం నాటిన పాపాన పోలేదు. అయినా ఏలూరు తంగెళ్ళమూడిలో ఆమె పెరట్లో పూసినన్ని పూలు మరో పెరట్లో పూసేవి కావు. ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. ఆమె భర్త ఇనాయతుల్లా తివాసీలు నేయించేవాడు. నెలకు రెండుసార్లు రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడి నుంచి మెట్ట ఊళ్ళు తిరిగి, గొల్లల దగ్గర గొర్రె ఉన్ని కొని గోతాలకెత్తి తెచ్చేవాడు. ఆ ఉన్ని విడదీసి, అందులో చిక్కుకున్న ముళ్ళూ గింజలూ పుల్లలూ ఏరడం మహమూదా పని. ఏరిన చెత్త వీధిలో పోయాలంటే గడప దాటాలి. ఆమెది ఘోషా. అందుకని పెరటిగోడ పక్కన వరసగా ఉన్న పగిలిన బానల్లోకి దులిపేసేది. డబ్బాల్లో జర్మనీ రంగులు వచ్చాక మూలపడ్డ పాత రంగు బానలవి.

తొలకరికి ఆ చెత్తే మొలకెత్తేది. దసరా వెళ్ళి వానలు వెనకబట్టేసరికి ఎర్ర మరకల బానలో వెంపలి ఊదాగా, నీలి మరకల బానలో తుమ్మి తెల్లగా పూసి కూర్చునేవి. సందుల్లో పల్లేరు పసుపుపూలు. గొర్రె ఏ దారిన నడిచిందో ఆ దారంతా మహమూదా పెరట్లో పూసేది. గడప దాటని మనిషికి అంతకన్నా దేశసంచారం ఏం కావాలి? ఆ పూలు చూసి, "ఈసారి ఉన్ని రాతినేలలదండీ, కాలవ కిందది కాదు" అనేది. "నీకెవరు చెప్పారే!" అని ఇనాయతుల్లా నోరెళ్ళబెట్టేవాడు. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పు కాలేదు మరి.

పిచ్చిమొక్కలు కదా అని ఎవరైనా చెయ్యి పెట్టబోతే ఆమె ఊరుకునేది కాదు. "దానంతటది వచ్చినదాన్ని పీకకూడదు. చోటుంటుందని నమ్మి వచ్చింది" అనేది. పిల్లలు లేని ఇంట్లో ఆ మాత్రం పచ్చదనమైనా ఉండనీ అని ఆయనా ఏమీ అనేవాడు కాదు.

ఉప్పు సత్యాగ్రహం గొడవలు చల్లారిన రెండు మూడేళ్ళకి, ఒక కార్తీకమాసంలో, చివరి బానలో మహమూదాకు కొత్త ముఖం కనిపించింది. కొత్తదంటే కొత్తదీ కాదు, ఆమె చిన్ననాడు చూసిందే. నిటారుగా లేచిన కాడ, కణుపు కణుపుకీ పొడుగాటి ముళ్ళు, ముళ్ళ మధ్య ఊదారంగు పూలు. నీరుగొబ్బి! మహమూదా కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగింది. నీళ్ళు తీసిన బురదలో పెరిగే మొక్క అది. మెట్టలో కాగడా పెట్టి వెతికినా దొరకదు. మరి మెట్టకి వెళ్ళే మనిషి గోతంలోకి కొల్లేటి గింజ ఎలా వచ్చింది?

అలా మొదలైంది. అనుమానం పెనుభూతమన్నారు గానీ, ఆ భూతం వచ్చేటప్పుడు మాత్రం పిల్లిలా వస్తుంది.

కొల్లేటికి ఆవలి ఒడ్డున ఆకివీడు ఉంది. అక్కడ చేపల వ్యాపారం చేసేవాళ్ళలో ఇనాయతుల్లాకు దూరపు చుట్టాలున్నారు. పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్న ఇళ్ళు. కడుపు పండని భార్య ఉన్న మగాడు మరో నిఖా చేసుకుంటే తప్పని ఎవరూ అనరు. పైగా "పాపం, ఎన్నాళ్ళని చూస్తాడు?" అంటారు. మహమూదాకు పుట్టింటివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. సవతి వస్తే ఈ ఇల్లూ, ఈ పెరడూ, ఈ మనిషీ చెరి సగం. రేపు దానికో బిడ్డ పుడితే తనకా సగం కూడా మిగలదు. 

ఇనాయతుల్లా ఊరినుంచి వచ్చిన రోజున మొట్టమొదట ఆయన చెప్పులు చూసింది. మెట్ట తిరిగొచ్చిన చెప్పులకు ఎర్రమట్టి ఉండాలి. ఆ చెప్పులు కడిగినట్టున్నాయి. కడిగినట్టేమిటి, కడిగినవే. చెప్పులు కడుక్కుని ఇల్లు చేరే మగాణ్ణి ఆమె అంతవరకూ చూడలేదు.

"గూడెంలో వానలున్నాయాండీ?" అంది కాళ్ళకు నీళ్ళిస్తూ.

"ఉన్నాయి... అంటే, పెద్దగా లేవు."

"మరి చెప్పులు తడిశాయేంటండీ?"

"స్టేషన్లో బురద తొక్కాను. కడిగాను. ఇక చెప్పులకి కూడా నేను జవాబు చెప్పుకోవాలా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు రావలసిన దానికన్నా కాస్త ముందే వచ్చిందనిపించింది ఆమెకు.

భోజనానికి కొరమీను పులుసు పెట్టింది. కొరమీనంటే ప్రాణమిచ్చే మనిషి, ఒక ముక్క తిని చాలన్నాడు. ఎక్కడో చేపలు తిని తిని మొహం మొత్తిందా? ఆయన విప్పేసిన చొక్కా వాసన చూసింది. ఉన్ని కంపు, చెమట, చుట్టపొగ. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకు పెద్ద తప్పుగా తోచింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. మహమూదాకు లోకమంతా ఊదారంగుకు తిరిగింది.

మళ్ళీ ప్రయాణమైనప్పుడు ఒక పరీక్ష పెట్టింది. "మెట్టలో తంగేడు విరగబూసి ఉంటుంది కదండీ. ఒక కొమ్మ తెచ్చిపెడుదురూ, కళ్ళారా చూసి చాలా రోజులైంది" అంది. ఆయన మరిచిపోకుండా తెచ్చాడు. అయినా మహమూదా స్థిమితపడలేదు. కొమ్మ వాడలేదు, పూలు నిగనిగలాడుతున్నాయి. మెట్ట ఊళ్ళో కోసి, బండిలో గూడెం చేరి, రైలు కోసం కాచుక్కూర్చుని తెచ్చిన కొమ్మ ఇంత తాజాగా ఉంటుందా? తంగేడు ఏలూరు రైలుకట్ట పక్కనే కావలసినంత ఉంది. రైలు దిగి కోసుకొచ్చాడన్నమాట. తేకపోతే దొంగ, తెస్తే గజదొంగ. పాపం, ఆ మనిషికి తప్పించుకునే దారే లేకపోయింది.

ఆయన మూడోసారి వెళ్ళాక మహమూదా చివరి బాన ముందు గొంతుక్కూర్చుంది. ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళలేని తనకు నిజం తెలిసే దారి లేదు. ఈ ముళ్ళదాన్ని కళ్ళముందు నుంచి తీసేస్తే కాస్త మనశ్శాంతైనా ఉంటుంది. తన నియమం తనే మరిచి కాడ పట్టుకుని గుంజింది. ముల్లు వేలిలోకి దిగింది. మొక్క కదల్లేదు.

అప్పుడే పాలు పోసే అచ్చాయమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. "అయ్యో, ఏంటి బీబీగారూ, వేలికా నెత్తురు?" అని దగ్గరికొచ్చి బానలోకి చూసి నాలుక్కరుచుకుంది. "ఈ మాయదారి ముళ్ళది ఇక్కడ మొలిచిందా! నా మట్టితోనే వచ్చుంటాదండీ."

"నీ మట్టేంటి?"

"ఆయ్, ఎండాకాలంలో ఈ బానలో మట్టి కిందకి దిగిపోయింది, కాస్త తెచ్చిపొయ్యమన్లేదా మీరు? మా మరిది కొల్లేట్లోంచి పొలానికి ఒండ్రుమట్టి తోలుతుంటే ఒక తట్ట ఎత్తుకొచ్చేశానండీ. కొల్లేటి మట్టిలో నీరుగొబ్బి కాకపోతే మల్లెపూలు మొలుస్తాయేంటండీ?"

మహమూదా బాన వంక చూసింది. నిజమే. వరస మొత్తంలో నల్లమట్టి ఉన్నది ఆ ఒక్కదానిలోనే. ఇన్ని రోజులూ పూలు చూసిందే గానీ వాటి కింది మట్టి చూడలేదు. ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. ఇంత మంచి మనిషిని ఎంత మాట అనుకున్నాను, అల్లా క్షమించాలి, అని చెంపలేసుకుంది. అచ్చాయమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఇంకో శేరు పొయ్యి. రేపు ఆయనకి సేమ్యా చేస్తాను" అంది మహమూదా.

మర్నాడు ఇనాయతుల్లా ఉన్ని గోతం దించి కాళ్ళు కడుక్కునేసరికి సేమ్యా గిన్నె సిద్ధంగా ఉంది. ఆయన పెరటి అరుగు మీద కూర్చుని రెండు చెంచాలు తిన్నాడు. మహమూదా ఎదురుగా పీట వేసుకుంది.

"ఏవండీ, ఒక మాట చెబుతాను. కోప్పడకూడదు మరి."

"చెప్పు."

"ఆ చివరి బానలో నీరుగొబ్బి చూశారా? అది చూసి నేను... మీరు మెట్టకని చెప్పి ఆకివీడు వెళుతున్నారనీ, అక్కడెవరినో నిఖా చేసుకున్నారనీ..." నవ్వాపుకోలేక ఆమె మాట అక్కడే ఆగిపోయింది.

ఇనాయతుల్లా నవ్వలేదు. చెంచా గిన్నెలో పెట్టేశాడు. 

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు పెద్దలు. మహమూదా దొంగ అననైనా అనలేదు. దొంగ కాదనే చెప్పబోయింది. అచ్చాయమ్మా, తట్టెడు ఒండ్రుమట్టీ ఆమె నాలుక చివరే ఉన్నాయి. ఆ మాట అలాగే మింగేసింది. 

"మొక్కే చెప్పిందండీ" అంది.

ఆమె పూలు చూసి చెబితే తప్పు కాదని ఇనాయతుల్లాకు ఏనాటి నుంచో తెలుసు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "తొలకరిలో అయింది. చేపల మదార్ కూతురు" అన్నాడు నేలను చూస్తూ. "ఉన్ని గూడెంలో ఒకాయన కొని ఉంచుతున్నాడు, వస్తూ తెచ్చుకుంటున్నాను. నీకు చెబుదామనే అనుకున్నాను. ప్రతిసారీ అనుకున్నాను."

మహమూదా సేమ్యా గిన్నె తీసి పక్కన పెట్టింది. ఆమె ఏడవకపోవడం చూసి ఆయనకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది. "నేను వెతుక్కుంటూ వెళ్ళలేదు మహమూదా. మదారే అడిగాడు. దానంతటదే వచ్చిన సంబంధం. నువ్వే అంటావు కదా, దానంతటది వచ్చినదాన్ని కాదనకూడదని."

ఆ మాటకు మాత్రం ఆమె ఒళ్ళు భగ్గున మండింది. ఇన్నేళ్ళూ ప్రేమగా అనుకున్న మాట, ఆయన నోట్లో పడి ఇలా అయింది.

"మొక్కకి కాళ్ళు లేవండీ" అంది. "ఎవరు ఎక్కడ తెచ్చిపోస్తే అక్కడ మొలిచింది. మీరు టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కి వెళ్ళారు. చెప్పులు కడుక్కుని వచ్చారు."

 మహమూదా లేచి, కొత్తగా దించిన ఉన్ని గోతాన్ని రెండు చేతులా ఈడ్చి ఆయన ముందు పెట్టింది. "ఇది మీరే ఏరుకోండి" అంది. చెంబు తీసుకుని రోజూ పోసినట్టే బానలకు నీళ్ళు పోయసాగింది. వెంపలికి పోసింది, తుమ్మికి పోసింది. చివరి బాన దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత నీరుగొబ్బికీ పోసింది. దాని తప్పేమీ లేదు.